నీళ్ళు పారితేనే కూలి

పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి రాజ్యానికి పాలకుడిగా ఉన్న కాలంలో ఈ చెరువు కట్టించి, అనంతరాజసాగరం అని పేరు పెట్టాడు. ఆ సంగతులన్నీ సంస్కృత శ్లోకాల్లో చెక్కిన రాళ్ళను భైరవుడి గుడి ముందు నిలబెట్టారు. చరిత్ర చదివినవాళ్ళు ఆ శాసనంలో రాజవంశాన్నీ తేదీలనూ వెతుక్కుంటారు. నేను సివిల్ కాంట్రాక్టరును. బద్వేలు చుట్టుపక్కల చెరువు తూములు, మరవలు, కట్టల మరమ్మతులు చేస్తాను. ఎండాకాలంలో ఇళ్ళు కడతాను. మా నాన్న ఇదే ప్రాంతంలో మేస్త్రి. అందుకే ఆ శాసనంలో నాకు మొదట కనిపించేది పని. ఎవరు చేశారు, ఎట్లా చేశారు, చేశాక ఎవరు చూసుకున్నారు అన్నదే నా ఆరా.

మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని ఆ శాసనం చెబుతుంది. ధర్మం తెలిసి, డబ్బున్న, కీర్తి మీద ఆశ ఉన్న రాజు కావాలి. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు కావాలి. గట్టి బంకమన్ను నేల, దూరం నుంచి వచ్చే తియ్యని నీటి ఏరు, ఆ ఏటికి రెండు పక్కలా ఆనుకున్న కొండలు, వాటి మధ్య మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, తిన్నగా పొడుగ్గా రాయి దిగే గని, కింద చదునైన సారవంతమైన పొలాలు, ఇట్లాంటివి ఉండాలి. చివరగా చెప్పిన పన్నెండో అంగం, ఆ పని చేతనైన మనుషుల గుంపు. రాజుతో మొదలైన జాబితా కూలిజనంతో ముగిసింది. ఆ పన్నెండులో ఏది లేకపోయినా చెరువు లేదు.

తర్వాత ఆరు దోషాలు చెప్పారు. కట్ట నుంచి నీళ్ళు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక లేవడం, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై సాగు నేల తక్కువ కావడం. వీటిలో ఐదింటిని పని మొదలుపెట్టక ముందే నేల చూసి, లెక్క వేసి తేల్చుకోవచ్చు. ఊట ఒక్కటే అట్లా తేలదు. చెరువు నిండాకనే అది బయటపడుతుంది. అప్పటికి రాజు వచ్చి పూజ చేసి వెళ్ళిపోయి ఉంటాడు, కూలీలు ఇంకో పనికి పోయి ఉంటారు. అయినా ఆ శాసనం రాసినవాళ్ళు దోషాల్లో ఊటకే మొదటి చోటు ఇచ్చారు. కట్టడం ఒక పని, కట్టాక పిలుపుకు పలకడం ఇంకో పని అని వాళ్ళకు తెలుసనే నేను అనుకుంటాను.

సరిహద్దు దోషాన్ని కూడా నేను అట్లాగే అర్థం చేసుకుంటాను. రెండు రాజ్యాల మధ్య ఉన్న చెరువుకు గండి పడితే రైతు ఎవరి దగ్గరికి పరిగెత్తాలి? ఇద్దరు యజమానులున్న చోట పలికేవాడు ఒక్కడూ ఉండడు. ఇవాళ కూడా రెండు శాఖల మధ్య, లేకపోతే పెద్ద కాంట్రాక్టరుకూ సబ్ కాంట్రాక్టరుకూ మధ్య ఇరుక్కున్న పనిని చూస్తే ఆ దోషం ఎంత నిజమో తెలుస్తుంది.

కట్టిన తీరు కూడా శాసనంలోనే ఉంది. రోజూ వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని. అప్పటి కొలతలో కట్ట పొడవు 5,000 రేఖాదండాలు, ఎత్తు ఏడు, వెడల్పు ఎనిమిది. సహజంగా ఉన్న గుట్టలను మధ్య మధ్య మట్టికట్టలతో కలిపి, లోపలి వైపు బండరాయి పరిచారు. వాటి మధ్య మాల్దేవి ఏటి నీళ్ళు నిలుస్తాయి. ఆరువందల యాభై ఏళ్ళు దాటినా చెరువు చెరువుగానే ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది కంభం చెరువుకూ కర్నూలు–కడప కాలువకూ కూడా ఆ గుర్తింపు దక్కింది. ఆ కాలువ కథ తర్వాత చెబుతాను, ఎందుకంటే నా మాటకు అది రెండో వైపు.

రెండేళ్ళలో కట్టిన మట్టికట్ట ఆరువందల ఏళ్ళు దానంతట అది నిలవదు. మట్టికట్టకు శత్రువులు చాలా. ఎలుకలు, ఎండ్రకాయలు బొక్కలు చేస్తాయి. కంపచెట్లు వేళ్ళు దించుతాయి, చెట్టు చచ్చాక ఆ వేరు కుళ్ళి లోపల సొరంగమే మిగులుతుంది. పశువులు తొక్కిన చోట కట్ట దిగుతుంది. అలల దెబ్బకు లోపలి రాయి జారుతుంది. ఏటా ఎండాకాలంలో ఎవరో ఒకరు కట్ట పొడుగునా నడిచి, బొక్కలు పూడ్చి, రాయి సర్ది, మరవ ముందు మేట తీయాలి. వానాకాలం రాత్రి కేక వినబడితే ఎవరో ఒకరు గంపా పారా తీసుకుని పరిగెత్తాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నదే అసలు ప్రశ్న. మన పూర్వులు దానికి ఇచ్చిన జవాబుల్లో నాకు బాగా నచ్చింది దశబంధం.

కాకతీయుల కాలపు శాసనాల్లోనే దశబంధ మాన్యం కనిపిస్తుంది. విజయనగర కాలానికి అది రాయలసీమ అంతటా ఊరి వ్యవహారం అయిపోయింది. ఏర్పాటు ఇది. కొత్త చెరువు కట్టినా, తెగిన చెరువును బాగు చేసినా, ఆ పని తలకెత్తుకున్నవాడికి చెరువు కింద సాగయ్యే భూమిలో కొంత మాన్యంగా ఇస్తారు. పేరులో పదో వంతు ఉన్నా ఆ పాలు ఊరూరికీ మారేది. దీనికి షరతు ఒకటే, ఆ చెరువును అతను, అతని తర్వాత అతని బిడ్డలు ఎప్పటికీ బాగోగులు చూసుకోవాలి. తర్వాత బ్రిటిష్ కాలపు రికార్డుల్లో దీన్ని రెండు రకాలుగా రాశారు. ఫలానా చెక్క అని హద్దులు చూపించి ఇచ్చింది ఖండం. భూమి విడిగా చూపకుండా, చెరువు కింద పండిన దాని మీద వచ్చే రాబడిలో పాలు ఇచ్చింది షామిలాతు.

కాంట్రాక్టరుగా నేను ఈ ఏర్పాటును ఎన్నిసార్లు తలచుకున్నా నాకు తల వంచి దండం పెట్టాలనిపిస్తుంది. చెరువు నిండి, తూము సరిగా విడిచి, మడి పండితేనే అతనికి కూలి ముట్టేది. షామిలాతు అయితే మరీ స్పష్టం, నీళ్ళు పారని ఏడు అతనికి చిల్లిగవ్వ రాదు. మాన్యం మడి అయినా అదే చెరువు కిందది కాబట్టి రైతు మడి ఎండితే అతనిదీ ఎండుతుంది. తూములో పూడిక చేరిందని రైతు వచ్చి చెప్పేలోపే అతనికి తెలుస్తుంది, ఎందుకంటే సాయంత్రం తన మడికే నీళ్ళు అందవు. పని నాసిగా చేసి తప్పించుకునే దారే లేదు. వాయిదా వేసినా నష్టం తనదే. తనిఖీ అధికారి లేకుండానే, జరిమానా రాయకుండానే, పనివాడి బాగూ పని బాగూ ఒకే తూము గుండా పారేటట్టు చేశారు.

ఇట్లాంటి ఆలోచన ఒక్క దశబంధంలోనే లేదు. పక్కనే కన్నడ దేశపు శాసనాల్లో, చెరువు కట్టకు మన్ను తోలే బండ్లకూ ఎద్దుల మేతకూ భూములు రాసిచ్చిన సంగతులు ఉన్నాయి. తిరుమల ఆలయానికి భక్తులు ఇచ్చిన సొమ్మును దేవస్థానపు ఊళ్ళలో చెరువులు, కాలువలు తవ్వించడానికి వాడి, పెరిగిన పంటతో స్వామికి నైవేద్యం జరిపించేవారు. అక్కడా లెక్క అదే, కాలువ పారినంత కాలమే నైవేద్యం. ఊళ్ళో నీరటికాడికి కళ్ళంలో కొలిచే మేర కూడా ఈ కోవలోదే. నీళ్ళు వంతుల ప్రకారం విడిచి, రాత్రి కట్ట మీద తిరిగి, తూము దగ్గర పడుకునేవాడికి పంట వచ్చాక ధాన్యం కొలిచేవారు.

పని చేసిన చేతుల సంగతి కూడా చెప్పాలి. ఈ సీమలో మట్టిపనీ రాతిపనీ వడ్డెరలది. మన్ను వడ్డెరలు చెరువులు, బావులు తవ్వితే, రాతి వడ్డెరలు బండ కొట్టి తెచ్చేవాళ్ళు. కుటుంబాలకు కుటుంబాలు పని ఉన్న చోటికి తరలివచ్చి, అక్కడే గుడిసెలు వేసుకుని, తవ్విన మట్టి కొలతను బట్టి కూలి తీసుకునేవాళ్ళు. తవ్విన గుంటలో అక్కడక్కడా మట్టి దిబ్బ ఒకటి తవ్వకుండా వదిలేస్తారు. ఎంత లోతు తవ్వారో ఆ దిబ్బ ఎత్తే సాక్ష్యం. ఇవాళ్టి ఎం బుక్కు, అంటే కొలతల పుస్తకం కన్నా ఆ దిబ్బ నమ్మకమైనదని మా నాన్న అనేవాడు. కొలత అందరి కళ్ళ ముందు ఉంటుంది, దిద్దడానికి వీల్లేదు.

1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, శ్రీకృష్ణదేవరాయలు కట్టిస్తున్న పెద్ద చెరువు పనిని వర్ణించాడు. పదిహేను ఇరవై వేల మంది పనిలో ఉన్నారనీ, కింద నేల కనబడనంత జనమనీ రాశాడు. నా దృష్టి నిలిచింది దాని తర్వాతి మాట మీద. రాయలు ఆ చెరువు పనిని తన నాయకుల మధ్య భాగాలుగా పంచి, ఒక్కో భాగానికి ఒక్కో నాయకుణ్ణి బాధ్యుణ్ణి చేశాడు. అంత మహారాజు కూడా పనిని గుంపుకు అప్పగించలేదు. ఏ ముక్క ఎవరిదో తేల్చాడు. ఆ చెరువు కట్ట రెండు మూడు సార్లు తెగిందనీ, అప్పుడు మనుషులనూ గుర్రాలనూ బలి ఇచ్చారనీ కూడా పాయెస్ రాశాడు.

బలి మాట వస్తే మన సీమవాళ్ళకు ముసలమ్మ గుర్తు వస్తుంది. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే, ఊరిని కాపాడడానికి ప్రాణమిచ్చిన ఇల్లాలి కథ అది. కట్టమంచి రామలింగారెడ్డి ఆ కథనే తీసుకుని ‘ముసలమ్మ మరణం’ కావ్యం రాశారు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది, ఆ తల్లికి మొక్కాలనిపిస్తుంది. పనివాడిగా ఇంకో ఆలోచన కూడా కలుగుతుంది. గండి పడ్డాక ఒక ప్రాణం అడ్డు వేయాల్సి వచ్చిందంటే, అంతకు ముందు ఎండాకాలంలో పది గంపల మన్ను వేయాల్సిన మనిషి ఒకడు రాలేదన్నమాట.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అప్పటి నుంచి ఇది దత్తమండలం. 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరు. చెరువు కట్టడానికి అనువైన చోటు అంటూ ఉంటే అక్కడ ఊరివాళ్ళు ఎప్పుడో చెరువు కట్టేశారనీ, ఇక కొత్తవి కట్టబోవడం వృథా అనీ ఆయన అభిప్రాయం. అంటే కంపెనీ చేతికి వచ్చినవి కట్టి సిద్ధంగా ఉన్న చెరువులు. వాటికి కావలసింది బాగోగులే. ఆ పనే వెనకపడింది. శిస్తు నగదుగా, గట్టిగా వసూలు చేయడం మొదలయ్యాక ఊరి మేరలు, మాన్యాలు బలహీనపడ్డాయి. 1858లో రెండు సంగతులు జరిగాయి. కట్టలు తెగేటప్పుడు ఊరివాళ్ళు తప్పనిసరిగా పనికి రావాలనీ, వాడుకగా చేసే చెరువు పనులు మానకూడదనీ మద్రాసు ప్రెసిడెన్సీకి చట్టం వచ్చింది. అంతకు ముందు మనిషి తన మడి కోసం తానే వచ్చే చోట, ఇప్పుడు చట్టం చూపించి పిలవాల్సి వచ్చింది. అదే ఏడాది ఇనాం కమిషన్ మొదలైంది. ఒక్కో మాన్యాన్నీ విచారించి రిజిస్టర్లలోకి ఎక్కించారు. దశబంధాలను మరమ్మతు షరతుతోనే ఉంచారు. కానీ మునుపు మనుషుల మధ్య నడిచిన కట్టుబాటు అక్కడి నుంచి కచేరీ ఫైలుగా మారింది.

సరిగ్గా ఆ కాలంలోనే కర్నూలు–కడప కాలువ వచ్చింది. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో లండన్ పెట్టుబడిదారులు మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పెట్టారు. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1860లలో పని నడిచింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, కడప దాకా సుమారు 190 మైళ్ళ కాలువ తవ్వారు. కాలువ పారినా పారకపోయినా, రైతు నీళ్ళు తీసుకున్నా తీసుకోకపోయినా, వాటాదారుకు 5 శాతం ముడుతుంది. ఖర్చు అంచనాలు దాటిపోయింది, నీటి మీద రాబడి రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కంపెనీ నుంచి కాలువను కొనేసింది. ఆ భారమంతా ప్రజల ఖజానా మీద పడింది.

కాలువ చెడ్డదని నేను అనను. ఇవాళ ఎన్నో ఊళ్ళు దాని మీద బతుకుతున్నాయి. ఇంజనీర్లకు చేతకాక కూడా అది నష్టపోలేదు. లోపం డబ్బు వచ్చే దారిలో ఉంది. పోరుమామిళ్ళ ప్రాంతంలో దశబంధందారు చెరువు నిండితేనే తిన్నాడు. కాలువ కంపెనీ వాటాదారు మాత్రం కాలువ ఎండినా తిన్నాడు. మొదటివాడు పిలవకముందే వచ్చేవాడు. రెండోవాడికి ఆ కాలువ గట్టు మీద రైతు వేసిన కేక వినాల్సిన అవసరమే లేదు. ఒకే జిల్లాలో, కళ్ళ ముందున్న ఈ రెండు ఏర్పాట్ల కన్నా మంచి పాఠం కాంట్రాక్టర్లకు ఏ కాలేజీలోనూ దొరకదు.

ధాతు కరువు అని మన పెద్దలు చెప్పుకునే 1876–78 కరువులో సీమ అల్లాడిపోయింది. ఆ తర్వాత 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం పెట్టి, ఒక్కో చెరువునూ కొలిచి, కట్ట ఎత్తు, మరవ పొడవు, తూముల మట్టం రాసి పెట్టారు. ఆ కొలతలు చాలా విలువైనవి. అయితే ఆ నాటికి పద్ధతి స్థిరపడిపోయింది. అంచనా వేయాలి, టెండరు పిలవాలి, తక్కువ రేటు వేసినవాడికి పని ఇవ్వాలి, కొలిచి బిల్లు చెల్లించాలి. మనం ఇప్పటికీ ఆ దారిలోనే ఉన్నాం. 1997లో వచ్చిన చట్టంతో రైతుల నీటి సంఘాలు ఏర్పడ్డాయి. తెలంగాణలో 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువుల్లో పూడిక తీశారు. అవన్నీ మంచి ప్రయత్నాలే. కానీ పని అయిపోయాక రెండో వానాకాలంలో తూము దగ్గర నిలబడేది ఎవరు అన్న ప్రశ్నకు టెండరు కాగితంలో దొరికే జవాబు చాలా చిన్నది. కొంత డబ్బు పట్టి ఉంచుతారు, గడువు దాటాక విడుదల చేస్తారు. ఆ గడువు లోపల చెరువు ఒక్కసారి కూడా నిండకపోవచ్చు. సీమలో అట్లాంటి ఏళ్ళే ఎక్కువ. నీళ్ళు పరీక్షించని పనికి పరీక్ష పూర్తయినట్టు కాగితం వచ్చేస్తుంది.

ఈ పద్ధతిలో ఉంటూనే పాత మర్యాదను కొంతైనా నిలుపుకోవచ్చని నా నమ్మకం. నాకు పని దొరికింది కూడా దాని వల్లనే. ఒక ఊళ్ళో పెద్ద సంస్థ ఒకటి తూము పని చేసి వెళ్ళింది. రెండో ఏడు చెరువుకు నీళ్ళు వచ్చినప్పుడు తూము పక్కన ఊట పుట్టింది. రైతులు ఫోన్లు చేశారు, ఎవరూ ఎత్తలేదు. సబ్ కాంట్రాక్టరు తన బిల్లే రాలేదన్నాడు. చీకటి పడే వేళకు ఒక పెద్దాయన నాకు ఫోన్ చేశాడు.

“అన్నా, తూము కాడ ఊట వచ్చాంది. ఒకసారి చూసిపోతావా?”

“నీళ్ళు తేటగా ఉండాయా, బురదగా ఉండాయా పెద్దాయనా?”

“ఎర్రగా ఉండాయి.”

ఆ ఒక్క మాటతో వెంటనే బయలుదేరాలని తెలిసిపోయింది. ఊట తేటగా వస్తే కొంత వ్యవధి ఉంటుంది. ఎర్రగా వచ్చిందంటే కట్ట లోపలి మన్ను కరిగి బయటికి వస్తున్నట్టు. లోపల సొరంగం పెరుగుతోంది, తెల్లారేదాకా ఆగదు. అట్లాంటి చోట తెలియనివాళ్ళు ఊట నోటికి మట్టి కొట్టి మూసేస్తారు. అది ప్రమాదం. నీళ్ళు ఇంకో చోట పగులుతాయి. ఊట నోటి మీద ముందు ఇసుక, దాని మీద గులకరాళ్ళు, దాని మీద పెద్ద రాళ్ళు వేయాలి. నీళ్ళు బయటికి పోవాలి, మన్ను మాత్రం ఆగిపోవాలి. చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా కట్ట లేపి నీటి మట్టం పెంచితే లోపలి తోపుడు తగ్గుతుంది. ఆ రాత్రి అదే చేశాం. ఊట తేటబడింది. నీళ్ళు తగ్గాక లోపలి వైపు తవ్వి, బంకమన్ను పొరలు పొరలుగా తొక్కించి శాశ్వతంగా సరిచేశాం. ఆ ఊరి పనులు అప్పటి నుంచి నా దగ్గరికే వస్తున్నాయి. చుట్టుపక్కల ఊళ్ళకు కూడా ఆ మాట పోయింది. నేను బోర్డు పెట్టలేదు, కరపత్రం వేయలేదు.

ఆ రాత్రి నేను ఒక్కణ్ణే వెళ్ళి ఉంటే చేయగలిగింది ఏమీ లేదు. నాతో పాటు వడ్డెర అన్నదమ్ములు ట్రాక్టరులో వచ్చారు. వాళ్ళు అర్ధరాత్రి లేచి రావడానికి కారణం నా మంచి మాట కాదు. నాకు బిల్లు వచ్చినా రాకపోయినా శనివారం బట్వాడా ఆపను. కూలివాడి డబ్బు ఆపినవాడికి చీకట్లో మనుషులు దొరకరు. రైతు పిలుపుకు నేను పలకాలంటే, నా పిలుపుకు పలికే మనుషులు నాకు ఉండాలి. ఈ రంగంలో నమ్మకం కింది నుంచి కట్టుకుంటూ రావాల్సిందే.

పనిలోకి వచ్చే కుర్రాళ్ళకు నేను చెప్పేవి చిన్న చిన్న సంగతులు. పని అప్పగించిన తర్వాత మొదటి పెద్ద వానకు ఎవరూ పిలవకముందే వెళ్ళి చూడండి. రాలేకపోతే రాలేనని ఆ రోజే చెప్పండి, ఇంకెవరినైనా పిలుచుకునే వ్యవధి రైతుకు మిగులుతుంది. ప్రతి పనికీ నోటు పుస్తకంలో ఒక పేజీ పెట్టండి. తూము తలుపు ఏ సైజు, స్క్రూ రాడ్డు ఎంత, గ్రీజు ఎప్పుడు పెట్టారు, మరవలో ఏ రాయి కదిలింది అన్నీ రాసుకుంటే, ఫోన్ రాగానే ఏ సామాను వేసుకుని బయలుదేరాలో తెలుస్తుంది. ఇల్లు కట్టినా ఇంతే. స్లాబులో చెమ్మ కనబడిందని యజమాని అంటే, వానలోనే వెళ్ళి చూడాలి. ఎండలో వెళ్తే చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో దొరకదు. ఈ రాకపోకలకు ఖర్చు అవుతుంది. దాన్ని మొదటి రేటులోనే కలుపుకుని ధైర్యంగా చెప్పండి. ఆ నాలుగు డబ్బుల తేడాతో కొన్ని టెండర్లు పోతాయి, నాకూ పోయాయి. కానీ మీ పనిని ఒకసారి చూసిన ఊరు మళ్ళీ మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తుంది.

పలకకపోతే ఏమవుతుందో మా జిల్లా 2021 నవంబరు 19న చూసింది. చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఎగువన పింఛా కట్ట తెగి వచ్చిన వరద దాని మీద పడింది. ఆ వాన అసాధారణమైనదే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఉన్న ఐదు గేట్లలో ఒకటి ఆ రోజు తెరుచుకోలేదని తర్వాత పార్లమెంటులోనే చెప్పారు. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు ఊళ్ళు నీట మునిగాయి. పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. ఇళ్ళతో పాటు పశువులు, ఇసుక మేటల కింద పొలాలు పోయాయి. ఒక గేటును సకాలంలో బాగు చేయడం ఎంత పెద్ద బాధ్యతో ఆ ఊళ్ళ నుంచి నేర్చుకోవాలి.

పాత దశబంధాన్ని యథాతథంగా తేవాలని నేను అడగడం లేదు. ఆ మాన్యాలు కొన్ని కుటుంబాల చేతుల్లోనే ఉండేవి, మట్టి మోసినవాళ్ళకు భూమి దక్కింది తక్కువ. అది అన్యాయం, అది మళ్ళీ రాకూడదు. తేవలసింది దాని లోపలి సూత్రం ఒక్కటే, నీళ్ళు పారితేనే కూలి. టెండర్లు రాసే ఇంజనీర్లకు నా విన్నపం ఇది. చెరువు పని బిల్లులో కొంత భాగాన్ని క్యాలెండరుకు కాకుండా నీళ్ళకు ముడిపెట్టండి. చెరువు ఒకసారి నిండి, తూము విడిచి, ఆయకట్టు చివరి మడి తడిశాక, నీటి సంఘం సంతకం పెట్టాక ఆ డబ్బు విడుదల చేయండి. ఏటా ఎండాకాలంలో కట్ట మీద నడిచి చూసే పనికి విడిగా డబ్బు కేటాయించి, కట్టినవాడికే అప్పగించండి. కూలీల బట్వాడా అయినట్టు రుజువు ఉంటేనే తర్వాతి బిల్లు పాస్ చేయండి.

ఇల్లు కట్టించుకునేవాళ్ళకూ, ఊరి పనులు చేయించే పెద్దలకూ చివరిగా ఒక మాట. కాంట్రాక్టరును రేటు అడగండి, తప్పులేదు. దానితో పాటు, ఐదేళ్ళ కిందట కట్టిన పని ఒకటి చూపించమని అడిగి, అతనితో పాటే వెళ్ళండి. అక్కడి యజమాని అతణ్ణి లోపలికి పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇస్తే, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే, ఆ పని అతనికే ఇవ్వండి.